ఫ్యూజు పీకినా ఆగని పాట

పాసయ్యాను. బీఏ, ఫస్ట్ క్లాసులో. మా నాన్న వైపు చూసినా, మా అమ్మ వైపు చూసినా పేరు పక్కన డిగ్రీ పెట్టుకోబోయే మొదటి మనిషిని నేనే. పొద్దుటి నుంచి కనపడిన ప్రతివాళ్ళకీ ఈ మాట చెబుతున్నాను. బెజవాడ నుంచి కొండపల్లి వచ్చే బస్సులో పక్కసీటావిడకి కూడా చెప్పాను. ఆవిడ "సంతోషమమ్మా" అని, పక్కన పెట్టుకున్న సంచీని ఒళ్ళోకి లాక్కుంది.

ఆవిణ్ణి తప్పు పట్టలేను. ముందు నేనే నమ్మలేదు. నెట్ సెంటరాయన నంబరు కొట్టి ఫలితం చూపిస్తే, "ఇంకోసారి కొట్టండి" అన్నాను. ఆయన మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే వచ్చింది. "ఎన్నిసార్లు కొట్టినా మార్కులు పెరగవు మేడమ్" అన్నాడాయన. పెరగడం కాదు, తగ్గుతాయేమోనని నా భయం. బయటికొచ్చి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న ఇంకో నెట్ సెంటర్లో చూపించుకున్నాను. అక్కడా అదే. ఆ సెంటరూ ఈ సెంటరూ కూడబలుక్కుని నన్ను మోసం చేస్తే వాళ్ళకొచ్చేదేముంది అని సర్దిచెప్పుకున్నాను. అయినా బస్టాండు దాకా నడిచేంతసేపూ కాగితం తీసి చూసుకుంటూనే ఉన్నాను.

ఇంటికొచ్చి నాన్న చేతిలో పెడితే, ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టి చూశాడు, నోటు దొంగదా మంచిదా అని చూసినట్టు.

"పేరు నీదేనా?" అన్నాడు.

"నాదే నాన్నా."

"నీ పేరుతో ఇంకెవరన్నా ఉండరా, ఇంత లోకంలో?"

"హాల్ టికెట్ నంబరు కూడా నాదే."

అప్పుడు కూర్చున్నాడు. నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పైనుంచి చేత్తో నొక్కుకున్నాడు. నేను మొదటి ఫోను డ్రమ్ముల భాయ్‌కి చేశాను. విషయమంతా విని భాయ్ అన్నమాట ఇది: "రాసింది నువ్వేనా చెల్లీ? వెనకాల ట్రాకేసి నువ్వు పెన్ను ఊపలేదు కదా?"

ఇంకెవరన్నా ఆ మాటంటే ఫోను పెట్టేసేదాన్ని. భాయ్ అంటే మాత్రం పడీపడీ నవ్వాను. ఎందుకు నవ్వానో చెప్పాలంటే మా బ్యాండు సంగతి చెప్పాలి.

తొంభైల్లో మా వైపు బ్యాండంటే పెళ్ళి ఊరేగింపులో ఎర్రకోట్లు వేసుకుని బాకాలూదేవాళ్ళు. ఆర్కెస్ట్రా అంటే స్టేజీ మీద సినిమా పాటలు పాడేవాళ్ళు. మేం ఆ రెండూ కాదు. రెండు గిటార్లు, డ్రమ్ములు, కీబోర్డు, సొంతంగా కట్టుకున్న తెలుగు పాటలు. రాక్ బ్యాండని మా పోస్టర్ మీద ఇంగ్లీషులో ఉండేది, చుట్టూ మెరుపులు వేసి. మొదట్లో దాన్ని చదివినవాళ్ళు తక్కువ, మెరుపులు చూసి కరెంటు సామాన్ల కొట్టు ప్రకటన అనుకున్నవాళ్ళు ఎక్కువ.

నేను వాయించడం నేర్చుకున్నది కొండపల్లిలో మా చర్చిలో. పాస్టరమ్మ గారు హార్మోనియం నేర్పారు. తర్వాత చర్చికి కీబోర్డొచ్చింది. ఒక క్రిస్మస్ కార్యక్రమానికి బెజవాడ నుంచి గిటారు వాయించడానికి ఒకాయన వచ్చాడు. రైల్వే క్వార్టర్లలో పెరిగినవాడు, మనిషి సన్నం, గొంతు లావు. ఆయనే తర్వాత మా లీడరు. ఆ రోజు నేను వాయిస్తుంటే వెనకాల నిలబడి విని, వారం తిరక్కుండా మా ఇంటికొచ్చాడు.

నాన్న ఇబ్రహీంపట్నం థర్మల్లో కాంట్రాక్టు పని చేసేవాడు, బొగ్గు దగ్గర. డ్యూటీ దిగొచ్చి ఒళ్ళు కడుక్కుంటూ, తల తిప్పకుండానే అంతా విన్నాడు.

"బాబూ, బెజవాడలో ఇంతమంది ఉండగా కొండపల్లి దాకా ఎందుకొచ్చావు?" అన్నాడు.

"మీ అమ్మాయిలా వాయించేవాళ్ళు నాకు దొరకలేదండీ."

"దొరకలేదా, దొరికినోళ్ళు రామన్నారా?"

లీడరు నవ్వేశాడు. "రామన్నారండీ" అని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోవడంతోనే నాన్న కొంచెం మెత్తబడ్డాడు. అయినా షరతు పెట్టాడు. ఏ ఊళ్ళో ప్రోగ్రాముంటే ఆ ఊరికి తనూ వస్తాడు. స్టేజీ ముందు వరసలో కూర్చుంటాడు. కూతురు తన కళ్ళకి కనపడాలి, వాయించేది చెవులకి వినపడాలి.

అలా నేను బ్యాండులో చేరాను. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నాను అప్పుడు. పరీక్షలూ ప్రోగ్రాములూ ఒకే నెలలో పడితే నేను ప్రోగ్రాముల వైపు వెళ్ళాను. మా ఇంట్లో అంతవరకూ చదివినవాళ్ళే లేరు కాబట్టి, ఆగిపోయానని బాధపడాలో, అక్కడిదాకా వచ్చానని మురిసిపోవాలో ఎవరికీ తెలీలేదు.

రిహార్సళ్ళు బెజవాడ వన్‌టౌన్‌లో, భాయ్ వాళ్ళ నాన్న పరుపుల కొట్టు మీది గదిలో. చుట్టూ దూది బస్తాలు ఉండేవి కాబట్టి చప్పుడు బయటికి పోయేది కాదు. బయటికొచ్చేటప్పుడు మా అందరి తలలూ తెల్లగా ఉండేవి. వినాయక చవితికీ, దసరాకీ, క్రిస్మస్‌కీ, కాలేజీ ఫంక్షన్లకీ పిలిచేవారు. గుడివాడ, పామర్రు, అవనిగడ్డ, బందరు. కాలవ గట్ల మీద వ్యాన్‌లో స్పీకర్ల మధ్య కూర్చుని వెళ్ళేవాళ్ళం. సిటీ బస్సు మీద లీడరు కట్టిన పాటొకటి ఉండేది. కండక్టరు చిల్లర లేదంటాడు, పాటంతా ఆ చిల్లర కోసమే. ఆ పాట మొదలుపెట్టగానే కుర్రాళ్ళు కుర్చీలెక్కేవారు.

పేరు రావడంతోపాటే అనుమానం కూడా వచ్చింది. మేం బాగా వాయిస్తున్నాం కాబట్టి మేం వాయించడం లేదన్నారు. లోపలెక్కడో టేపు తిరుగుతోందని, మేం పైన చేతులు ఆడిస్తున్నామని. అందులోనూ నా మీద ఎక్కువ. గిటారైతే వేళ్ళు కదలడం కనిపిస్తుంది. కీబోర్డు వెనక ఆడపిల్ల నిలబడి ఉంటే, ఆ పెట్టెలోనే పాట ఎక్కించి పెట్టారని తేల్చేశారు.

పామర్రు దాటాక ఒక ఊళ్ళో చవితి పందిరి ప్రోగ్రాము. ఇంకా పొద్దు వాలలేదు. సిటీ బస్సు పాట మధ్యలో ఉన్నాం. ఉన్నట్టుండి నా వేళ్ళ కింద చప్పుడు పోయింది. లీడరు గిటారు పోయింది. మైకు పోయింది. భాయ్ డ్రమ్ములు మాత్రం మోగుతున్నాయి, మైకు లేకుండా లీడరు గొంతు ముందు వరసల దాకా పోతోంది. అంత గట్టిగా పాడటం నేనెప్పుడూ వినలేదు, మెడ నరాలు పైకి తేలాయి.

చూస్తే, పందిరి పక్కన కరెంటు బోర్డు దగ్గర కమిటీ ప్రెసిడెంటు గారు నిలబడి ఉన్నారు. పంచె ఎగ్గట్టుకుని, మా లైను ఫ్యూజు పీకి చేత్తో పట్టుకుని ఉన్నారు.

"చూశారుగా" అన్నారాయన జనం వైపు తిరిగి. "ఆ డప్పులబ్బాయొక్కడే నిజం. మిగతాదంతా టేపు. టేపు కాబట్టే ఆగిపోయింది."

లీడరు స్టేజీ దిగి వెళ్ళి, "గిటారుక్కూడా కరెంటే కావాలండి" అన్నాడు.

"తీగలున్నాయిగా దానికి. వీణకేమన్నా కరెంటు పెడుతున్నారా? మీటితే మోగాలి."

భాయ్ అక్కణ్ణించే, "మరి స్టేజీ మీద ఫ్యాను కూడా ఆగిందిగా ప్రెసిడెంటు గారూ. అదీ అబద్ధమేనా?" అన్నాడు.

"ఫ్యాను నేను పాడుతున్నానని చెప్పట్లేదు కదా నాయనా" అన్నారాయన. జనం ఘొల్లుమన్నారు. మాక్కూడా నవ్వొచ్చేదే, వేరే బ్యాండుకి జరిగుంటే.

ఎవరో అన్నారు, ఆ అమ్మాయి వాళ్ళ నాన్న థర్మల్లో చేస్తాడంట, ఆయన్నడగండి కరెంటు సంగతి అని. అందరూ నాన్న వైపు తిరిగారు. నాన్న లేచి నిలబడి, నిజం చెప్పాడు.

"నేను బొగ్గు చూశానండీ. కరెంటు నేనెప్పుడూ చూళ్ళా."

ఆ మాటతో మా పని అయిపోయింది. ఫ్యూజు మళ్ళీ పెట్టారు, మేం మిగతా పాటలు వాయించాం, కానీ వింటున్నవాళ్ళు లేరు. అందరూ స్టేజీ కింద టేపు ఎక్కడుందా అని వంగి చూస్తున్నారు.

ఆ కబురు బస్సెక్కి మాకంటే ముందు ఊళ్ళు తిరిగింది. ఆ తర్వాత ప్రతి ఊళ్ళోనూ మమ్మల్ని పరీక్ష చెయ్యడం ఒక ఆనవాయితీ అయింది. పూజ, ప్రసాదం, ఉపన్యాసం, తర్వాత ఫ్యూజు పీకడం. వాయిస్తూనే మేం బోర్డు దగ్గర ఎవరున్నారా అని చూసేవాళ్ళం. లీడరుకి బోర్డుల మీద అసహ్యం పుట్టింది. ఊళ్ళోకి వ్యాన్ తిరగ్గానే, "బోర్డెక్కడండీ?" అని అడిగేవాడు. అలా అడగడంతో అనుమానం ఇంకా పెరిగేది. అప్పటికే ఒప్పుకున్న ప్రోగ్రాములు కొన్ని, వేరేవాళ్ళకి చెప్పామంటూ వెనక్కి తీసుకున్నారు.

మమ్మల్ని గట్టెక్కించింది ఒక తప్పు.

అవనిగడ్డ వైపు ఒక కాలేజీ గ్రౌండులో, సిటీ బస్సు పాట మొదట్లో నా వేలు జారి పక్క మెట్టు మీద పడింది. చెవిలో పుల్ల గుచ్చినట్టు వినపడింది. లీడరు ఆగిపోయి నా వైపు తిరిగాడు. నా మొహం చూసి నవ్వాపుకోలేకపోయాడు. "మళ్ళీ ఎక్కుదాం బస్సు" అని మైకులో అని, పాట మొదటి నుంచి మొదలుపెట్టాడు. గ్రౌండంతా చప్పట్లు. కుర్చీలో నిలబడి ఒక కుర్రాడు అరిచాడు, "టేపు కాదురోయ్, ఆ అమ్మాయి తప్పు చేసింది."

తిరుగుదారిలో వ్యాన్ ఉయ్యూరు దాటాక లీడరు అన్నాడు, "ఇకనుంచి ఆ తప్పు రోజూ చెయ్యాలి."

నేను వేళాకోళం అనుకున్నాను. కాదు. మర్నాడు పరుపుల కొట్టు మీది గదిలో తప్పు ప్రాక్టీసు చేశాం. మంచిగా వాయించడం కంటే అది కష్టం. మరీ పెద్దగా చేస్తే కావాలని చేసినట్టుండేది. చిన్నగా చేస్తే తెలిసేది కాదు. అదే మెట్టు, అదే వేలు, అదే చోట. ఆగడం, లీడరు తిరగడం, నవ్వు, "మళ్ళీ ఎక్కుదాం బస్సు." భాయ్ కర్రలు పక్కన పెట్టి, "నేను సరిగ్గా కొడుతున్నా కాబట్టి నన్నెవరూ పట్టించుకోరిక" అని బాధపడ్డాడు.

పనిచేసింది. ఫ్యూజుల గొడవ పోయింది. ఆ తప్పు కోసమే జనం రావడం మొదలుపెట్టారు. నేను కీబోర్డు దగ్గరికి వెళ్తుంటేనే ఈలలు. బస్టాండుల్లో కుర్రాళ్ళు ఆ తప్పు స్వరాన్ని కూడా కలిపి ఈల వేసేవారు. పందిట్లో మా పరువు తీసిన ప్రెసిడెంటు గారు మరుసటేడు మళ్ళీ పిలిచారు. ప్రోగ్రామయ్యాక స్టేజీ దగ్గరికొచ్చి, "అమ్మాయి నిజమేనయ్యా. తప్పు నా చెవులతో ఇన్నా" అని నాన్న చెయ్యి పట్టుకుని ఊపారు.

నాన్నకి మాత్రం నచ్చలేదు. "సరిగ్గా వాయిస్తే దొంగవన్నారు. తప్పు వాయిస్తే దొరవంటున్నారు. ఇదేం ఇనడం?" అనేవాడు. ప్రోగ్రాములో ఆ చోటు రాగానే తల దించుకునేవాడు.

క్యాసెట్ వేశాం. స్టూడియోలో రికార్డు చేసే ఆయన తప్పుని ఒప్పుకోలేదు, తీయించేశాడు. క్యాసెట్ కదల్లేదు. బీసెంట్ రోడ్డులో క్యాసెట్ల కొట్టాయన మమ్మల్ని పిలిచి చెప్పాడు, "మీరు పాళ్ళేదంటున్నారమ్మా. ఎవరో మద్రాసోళ్ళ చేత పాడించి మీ బొమ్మేశారంటున్నారు." మళ్ళీ రికార్డు చేయించాం, తప్పుతో సహా. అది ఆటోల్లో, కూల్‌డ్రింకు కొట్లలో, కాలేజీ హాస్టళ్ళలో మోగింది. బెజవాడ సిటీ బస్సులో ఒకసారి డ్రైవరు ఆ పాటే పెట్టాడు. నా తప్పు వచ్చినప్పుడు బస్సంతా నవ్వింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. అంత గర్వం నాకు ఇవాళ్టిదాకా మళ్ళీ రాలేదు.

కొత్త శతాబ్దం వచ్చేసరికి స్టేజీలు పెద్దవయ్యాయి. ఇంజనీరింగు కాలేజీలు ఎక్కువయ్యాయి, టీవీ కెమెరాలొచ్చాయి. మాకు వెనకాల ఒక గుడారం, అందులో సౌండ్ చూసే మనిషి, ఆయన ముందు పెద్ద మిక్సరు. గుడారంలోకి లీడరు తప్ప ఎవరూ వెళ్ళకూడదన్నారు. పాటకి ముందు మా వైపు నుంచి "వన్ టూ త్రీ" అనడం మానేశాం. గుడారం లోంచి సైగ వచ్చాక మొదలుపెట్టేవాళ్ళం. ఎందుకని అడిగితే, "కెమెరా వాళ్ళకి టైమింగమ్మా" అన్నాడు లీడరు. సరేననుకున్నాను. కానీ భాయ్ నా వైపు, నేను భాయ్ వైపు చూసుకునేవాళ్ళం.

గుడివాడలో ఒక ప్రోగ్రాముకి బయల్దేరేముందు, నాన్న చెప్పులు వేసుకుంటూ అన్నాడు, "ఇవాళొక్కరోజు సరిగ్గా వాయించవా? ఆ పాట తప్పు లేకుండా ఇని ఎన్నేళ్ళయిందో."

"ఇవాళ తప్పు చెయ్యను నాన్నా, మీకోసం" అన్నాను. లీడరుకి చెప్పలేదు.

సాయంత్రం ఆ చోటు వచ్చింది. వేలు ఎక్కడ పెట్టాలో చూసి మరీ, సరైన మెట్టు నొక్కాను. స్పీకర్లలోంచి తప్పొచ్చింది. జనం చప్పట్లు. లీడరు తిరిగాడు, నవ్వాడు, "మళ్ళీ ఎక్కుదాం బస్సు" అన్నాడు.

నేను నా వేళ్ళ వైపు చూసుకున్నాను. ముందు అనుమానించింది నన్నే. ఇన్నేళ్ళ అలవాటు కదా, నాకు తెలీకుండా వేలే జారిందేమో. ముందు వరసలో నాన్న తల దించుకుని ఉన్నాడు.

ఇంటికొస్తూ నాన్న ఒకే మాటన్నాడు. "చెయ్యనన్నావు."

"చెయ్యలేదు."

"నేనిన్నాను."

"నేను చెయ్యలేదు నాన్నా, ఒట్టు."

ఊరంతా నన్ను దొంగన్నా పట్టించుకోనని మా నాన్న నా ప్రతి ప్రోగ్రాముకీ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఇప్పుడు ఆయనే నమ్మడం లేదు. ఆ తప్పు నాది కాదని తేలాలి. మరి తేలితే, ఇన్నాళ్ళూ వినపడింది ఏది నాది?

తర్వాతి ప్రోగ్రాము బెజవాడలోనే, ఒక కాలేజీ గ్రౌండులో. మధ్యాహ్నం ఎండ ఇంకా పోలేదు. అదే పాట. రెండో చరణంలో కీబోర్డుది పెద్ద ముక్క ఉంటుంది, మిగతావాళ్ళు తగ్గి నన్ను వదిలేస్తారు. ఆ ముక్క మొదలయ్యేముందు వంగి, కీబోర్డు వెనక వైరు పీకేశాను. పందిట్లో ప్రెసిడెంటు గారు పీకినట్టే. కీబోర్డు మీది చిన్న తెరలో లైటు ఆరిపోయింది.

ముక్క మోగింది. ఒక్క స్వరం పోకుండా, చివరిదాకా.

నేను చేతులు రెండూ పైకెత్తి నాన్నకి చూపించాను. జనం అది కొత్త స్టైలనుకుని, వాళ్ళూ చేతులెత్తి ఊపారు. గ్రౌండంతా చేతులు. నాన్నొక్కడే ఎత్తలేదు. నా చేతుల వంకా, స్పీకర్ల వంకా మార్చి మార్చి చూసి, మెల్లగా తలూపాడు. నా మీద అనుమానం పోయిందని నాకు తెలిసింది. పాటయ్యాక వైరు మళ్ళీ పెట్టలేదు. దిగిపోయాను.

గుడారం వెనక లీడర్ని అడిగాను. భాయ్ కూడా ఉన్నాడు, కర్రలు చంకలో పెట్టుకుని.

"ఎప్పట్నించన్నా?"

లీడరు దబాయించలేదు. "పోయినేడు దసరా నుంచి."

"నేనెక్కడన్నా తడబడ్డానా?"

"లేదమ్మా."

"మరి?"

"ఆ ప్రెసిడెంటు ఫ్యూజు పీకిన రోజు నువ్వు చూశావుగా. గొంతు చించుకుని పాడాను. ఒక్కడన్నా నమ్మాడా? ఇప్పుడు ఎవడు ఏది పీకినా పాట ఆగదు. జనరేటరుంది, బ్యాటరీ ఉంది, తప్పుతో సహా పాటంతా ఎక్కించిన డిస్కుంది. మనల్ని ఇంకెవడూ అలా నిలబెట్టలేడు."

భాయ్ నెమ్మదిగా అన్నాడు, "అన్నా, ఆ రోజు మనం టేపు కాదు. అయినా టేపన్నారు. ఇవాళ టేపే. నిజమంటున్నారు. నాకేం అర్థం కావట్లేదు. నా డ్రమ్ములు కూడానా?"

లీడరు నేల వైపు చూశాడు. "నీవి సగం" అన్నాడు.

"ఏ సగం?" అన్నాడు భాయ్. ఇప్పటికీ ఆ జవాబు రాలేదు.

నేను మానేశాను. భాయ్ ఆ క్రిస్మస్ దాకా ఉండి పరుపుల కొట్టుకి వెళ్ళిపోయాడు. బ్యాండు ఇంకొన్నాళ్ళు నడిచింది. నా చోట వేరే అమ్మాయిని నిలబెట్టారు. నా తప్పు మాత్రం అలాగే వస్తోందని చూసినవాళ్ళు చెప్పారు. తర్వాత డాన్సర్లొచ్చారు, తర్వాత పిలిచేవాళ్ళు తగ్గారు. ఇప్పుడు లీడరు సౌండ్ సిస్టమ్ అద్దెకిస్తున్నాడు. బోర్డు దగ్గర తనే నిలబడతాడట.

నేను కొండపల్లిలో ఒక స్కూల్లో పిల్లలకి ప్రార్థన పాటలు నేర్పే పనిలో చేరాను. నాలుగు రోజులకొకసారి, వాయిస్తున్నప్పుడు చెయ్యి తీసి చూసుకునేదాన్ని, చప్పుడు ఆగుతుందా లేదా అని. ఆగేది. అయినా చూసేదాన్ని. అదొక జబ్బులా పట్టుకుంది. నేను చేశానన్న పని ఏదైనా నేనే చేశానని నాకు నమ్మకం కుదిరేది కాదు. కూర వండినా, పక్కింటామె వచ్చి ఉప్పు వేసి వెళ్ళిందేమో అనిపించేది.

డిగ్రీ మాట మళ్ళీ ఎత్తింది నాన్నే. దూరవిద్యలో కట్టమన్నాడు. "ఈ వయసులో ఏం చదువు నాన్నా" అంటే, ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. థర్మల్ గేటు దగ్గర ఎవరినో అడిగి తెలుసుకున్నాడు.

"పరీక్ష హాల్లో ఫొటో చూసి మొహం చూస్తారంట. పక్కన నిలబడి చూస్తారంట. నువ్వే రాశావని ఒకాయన సంతకం పెడతాడంట. దిద్దేవాడికి నీ పేరు కూడా కనపడనియ్యరంట. అంత అనుమానం పెట్టుకుని ఇచ్చేది, నిజమే అయ్యుంటుందమ్మా."

కట్టాను. ఆదివారాలు బెజవాడలో క్లాసులు. అక్కడ నా పక్కన కూర్చున్నవాళ్ళలో నాకంటే పెద్దవాళ్ళే ఎక్కువ. పరీక్ష హాల్లో పర్యవేక్షకుడు నా ఫొటో వంకా నా వంకా అనుమానంగా చూసినప్పుడు, మిగతావాళ్ళు విసుక్కున్నారు. నాకు మాత్రం ప్రాణానికి హాయిగా అనిపించింది. ఇంకోసారి చూడమని అడగబోయి ఊరుకున్నాను. రాస్తూ రాస్తూ మధ్యలో ఒకసారి పెన్ను పైకెత్తాను. కాగితం మీద అక్షరం అక్కడే ఆగిపోయింది. నా అంతట నేను పెడితేనే తర్వాతి అక్షరం వచ్చింది.

ఇప్పుడు నాన్న జేబులోంచి కాగితం మళ్ళీ తీశాడు. ఇందాక కిటికీ దగ్గర చూసింది చాలలేదేమో, గుమ్మంలోకి వెళ్ళి ఎండలో చూస్తున్నాడు.

"ఫస్ట్ క్లాసంటే తప్పులు లేనట్టేనా?" అన్నాడు.

"కొన్ని ఉంటాయి నాన్నా. వందకి వంద రాలేదుగా."

"ఉండనీ" అన్నాడు. "ఉంటేనే నీదని నమ్ముతారు." అప్పుడు నవ్వాడు. పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు, నేను స్టేజీ ఎక్కిన రోజుల్లో ఎప్పుడూ నవ్వనట్టు.

అమ్మకి ఇంకా తెలీదు, గుడివాడలో పిన్ని దగ్గరుంది. భాయ్‌కి చేసేశాను. ఇక ఫోన్లు చెయ్యాల్సినవాళ్ళు:

అమ్మ, పిన్ని. ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, కాబట్టి ఒక్క ఫోనే.

పాస్టరమ్మ గారు. ప్రార్థనలో చెబుతానంటారు. వద్దనను.

స్కూలు హెడ్మిస్ట్రెస్ గారు. సర్టిఫికెట్ చూపించమంటారు. సంతోషంగా చూపిస్తాను.

క్యాసెట్ల కొట్టాయన. ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నాడు, నంబరు భాయ్ దగ్గరుంది.

పామర్రు అవతల ప్రెసిడెంటు గారు. నమ్మకపోతే నాన్నకిస్తాను ఫోను.

లీడరు. చివర్లో చేస్తాను, కానీ చేస్తాను. ఎత్తగానే వెనకాల పాటేదన్నా మోగుతుంటే, ముందు అది ఆపమని చెప్పాలి.